వంకలేని పలువరస

మా ఊళ్ళో యాభై దాటినవాళ్ళు నోరారా నవ్వగలుగుతున్నారంటే అందులో సగం పుణ్యం మా మామయ్యది. ఆ మాట ఎవరూ బయటికి అనరు. కట్టుడు పళ్ళు పెట్టుకున్నవాడు అవి కట్టుడు పళ్ళని చెప్పుకోడు గదా. తప్పనిసరై చెప్పుకోవలసి వచ్చినా పళ్ళ డాక్టరుగారి పేరు చెబుతాడు. డాక్టరుగారు ముందు గదిలో చల్లగా కూర్చుంటారు. ఆయన వెనక గోడ మీద పట్టాలు వేలాడుతుంటాయి. మామయ్య వెనక గదిలో ఉంటాడు. ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ, అది కూడా పక్కింటి గోడకేసి చూస్తుంటుంది. బల్ల మీద మైనం కరిగించే గిన్నె, పళ్ళ అంచులు అరగదీసే చిన్న యంత్రం, తెల్లటి ప్లాస్టర్ దుమ్ము. అరల నిండా ఊరి జనం దవడల అచ్చులు. అవన్నీ వరసగా నోళ్ళు తెరుచుకుని ఉంటే, విందులో వడ్డన ఆలస్యమైనట్టు కనిపిస్తుంది.

మామయ్య అంటే మా అత్త భర్త. మా నాన్నకి స్వయానా చెల్లెలి మొగుడు. మనిషి సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ భుజాల మీద ప్లాస్టర్ పొడితో పిండిమరలోంచి వచ్చినట్టుంటాడు.

ఆయనకి పనిలో ఒక నియమం ఉంది. ఏ పళ్ళ సెట్టు చేసినా అందులో ఒక పన్ను రవ్వంత పక్కకి తిప్పుతాడు. మనిషి వయసుని బట్టి అంచులు కాస్త అరగదీస్తాడు. ముందుపళ్ళ రంగు కంటే కోరపళ్ళ రంగు ఒక పిసరు ముదురుగా పెడతాడు. ఇంత కష్టపడి చేసి మళ్ళీ వంకర పెట్టడమేమిటని ఒకసారి అడిగాను.

"చూసినవాళ్ళు ఈయన పళ్ళు బాగున్నాయని అనకూడదే అమ్మాయ్. ఈయన బాగున్నాడనాలి. అప్పుడే నేను పని చేసినట్టు" అన్నాడు.

ఇంత నియమం గల మనిషి సొంత నోట్లో మాత్రం వంకర అన్నది వెతికినా దొరకదు. పై వరసా కింది వరసా స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. నవ్వితే ఎదుటివాడు ఒక క్షణం మాట మరిచిపోతాడు. అవీ ఆయన చేసుకున్నవే. ఈ సంగతి అత్తకి తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదని మేమిద్దరం అనుకునేవాళ్ళం.

పని నేర్చుకునే రోజుల్లో, ఇంకా పాతికేళ్ళు నిండకుండానే, చిగుళ్ళ జబ్బు పట్టుకుని మామయ్య పళ్ళన్నీ ఒకదాని వెంట ఒకటి కదిలి ఊడిపోయాయి. పెళ్ళి కావలసిన కుర్రాడు బోసినోటితో ఎవరింటికి వెళ్ళి పిల్లనడుగుతాడు? గురువుగారు లేని సమయం చూసుకుని తనకి తానే సెట్టు చేసుకున్నాడు. పెళ్ళికొడుకు కాబోయేవాడు తన నోట్లో తనే వంకర పన్ను పెట్టుకోడు గదా. ఆ నవ్వుతోనే మా ఇంటికి వచ్చాడు. మా నానమ్మ అది చూసి పడిపోయింది. "సంపాదన సంగతి ఎలా ఉన్నా, పిల్లాడి పలువరస ముత్యాలు పేర్చినట్టుంది" అందట. నాన్న మాత్రం కుర్రాడి నోటికేసి చాలాసేపు చూసి, ఏమీ అనకుండా సరేనని తల ఊపాడట. తర్వాత సెట్లు అరిగి ఎన్నిసార్లు మార్చుకున్నా, మామయ్య ఆ మొదటి అచ్చు మాత్రం మార్చలేదు.

అత్తకి పెళ్ళయిన కొత్తల్లోనే తెలిసిపోయింది. తెల్లవారుజామున దాహమేసి మంచం పక్కనున్న గ్లాసు ఎత్తిందట. "గ్లాసు నాకేసి చూసి నవ్విందే!" అని ఇప్పటికీ కళ్ళు పెద్దవి చేసి చెబుతుంది. ముందు కెవ్వుమని అరిచి, తర్వాత ఏడ్చి, ఏడుస్తూ ఏడుస్తూ నవ్వు ఆపుకోలేకపోయిందట. ఎవరికీ చెప్పనని ఆరోజే ఒట్టు వేసింది. అత్తని తెలిసినవాళ్ళెవరూ ఆ ఒట్టు నిలబడుతుందనుకోరు. కానీ నాకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. అత్త విషయంలో అది తపస్సు కిందే లెక్క.

ఇక్కడితో ఆగితే గొడవే లేదు. మామయ్య భక్తుడు. పైపై భక్తి కాదు. పొద్దున్నే వెనక గది తలుపు తీసి, యంత్రానికి చెయ్యి ఆనించి, ఇవాళ ఎవరి నోరూ నా వల్ల నొప్పి పడకూడదు దేవుడా అని మొక్కుకుని గాని పని మొదలుపెట్టడు. వారం వారం ప్రార్థన మందిరానికి వెళతాడు. అక్కడ ఒకసారి ఒక ముసలావిడ, "దేవుడు నీ పళ్ళు ఎంత ఓపిగ్గా పేర్చాడు నాయనా!" అంది. కాదని చెప్పడానికి మామయ్య నోరు తెరిచాడు. తెరవడంతో ఆ పళ్ళు ఇంకా బాగా కనిపించాయి. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆహా అన్నారు. ఆ ఆహాతో మొదలైంది. తర్వాత తర్వాత, సృష్టి వెనక ఒక చేయి ఉందని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మందిరం పెద్దాయన మామయ్యని లేవమనేవాడు. మామయ్య లేచి నవ్వేవాడు. జనానికి విశ్వాసం బలపడేది.

"అబద్ధం కదా మామయ్యా?" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"చేతులిచ్చింది ఆయనే కదే. చేతులు పళ్ళు చేశాయి. అంటే ఆయనే చేయించినట్టు కాదూ?" అన్నాడు. అంటూనే చూపు కిటికీ అవతలి గోడ మీదికి తిప్పేసుకున్నాడు. నమ్మకంగా చెప్పే మాటకి గోడ చూడాల్సిన పని లేదు.

ఇక మా నాన్న. ఆయన బడిలో జీవశాస్త్రం మాస్టారు. మందిరం వాళ్ళ భాషలో కోతి మాస్టారు. ఆ పేరు వింటే ఆయనకి కోపం రాదు, పైగా "చుట్టరికం ఒప్పుకున్నందుకు సంతోషం" అంటాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అత్తా మామయ్యా మా ఇంటికి భోజనానికి వస్తారు. వడ్డన పూర్తికాకముందే బావలిద్దరూ మొదలుపెడతారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. మామూలుగా నువ్వు అంటే నువ్వు. కోపం వచ్చినప్పుడు మాత్రం మర్యాద ముంచుకొస్తుంది. 'నువ్వు' కాస్తా 'మీరు' అవుతుంది, 'బావా' కాస్తా 'బావగారూ' అవుతుంది. అప్పుడు అమ్మ పెరుగు గిన్నె ముందుకు తెచ్చి భోజనం ముగించేస్తుంది.

"కన్ను చూడు బావా. అంత సున్నితమైన యంత్రం ఎవరూ చేయకుండానే వచ్చిందా?" అంటాడు మామయ్య.

"చూద్దామనే ఉంది. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనబడటం లేదు" అంటాడు నాన్న.

"నవ్వులాట కాదు. నేను ఒక్క పన్ను చేయడానికే చచ్చేచావుగా ఉంటుంది. అలాంటిది మొత్తం మనిషి వాటంతటవే కలిసొచ్చాడంటే ఎలా నమ్మమంటావ్?"

"వాటంతటవే ఒక్కరోజులో అని ఎవరన్నారు? ఎన్నో లక్షల ఏళ్ళు. కాస్త కాస్త మార్పు. పనికొచ్చింది నిలిచింది, పనికిరానిది పోయింది. సరే గానీ, ఆ చివరి దవడపన్ను ఎందుకు పెట్టాడు మీ దేవుడు? ఇరుకింట్లో బీరువా ఇరికించినట్టు! అది వంకరగా మొలిచి, వాచి, మనిషిని ఏడిపించి, చివరికి పీకించుకుని గాని పోదు. మనవాళ్ళ దవడ చిన్నదైపోయింది, పన్నుకి ఆ కబురు అందలేదు. అంతే."

"అది డాక్టరుగారు బతకడానికి పెట్టాడు."

"అక్కడ చేసినవాడెవడో తేలాక చెప్పండి. ఇక్కడ వండినదాన్ని నేను. చల్లారిపోతోంది" అనేది అమ్మ.

నాకు ఈ రభస చిన్నప్పటినుంచీ అలవాటే. విసుగ్గానే ఉండేది, లేకపోతే మాత్రం తోచేది కాదు. ఆదివారం మా ఇంట్లో కూరముక్కలు ఎందుకో మిగతా రోజులకంటే చిన్నగా ఉండేవి. అమ్మకి ఆదివారం తీరిక ఎక్కువని అనుకునేదాన్ని.

నేను ఊరి గ్రంథాలయంలో పనిచేస్తాను. అందుకే ఈ కథ చివరికి నా నెత్తిమీదికి వచ్చింది. ఆ ఏడు బడిలో జీవపరిణామం పాఠం కొత్తగా పెట్టారు. మందిరం వాళ్ళు వెళ్ళి, ఆ పాఠం చెబితే చెప్పండి, పక్కనే సృష్టికర్త ఉన్నాడని కూడా చెప్పండి అన్నారు. హెడ్మాస్టరు కుదరదన్నాడు. వీధిలో అరుచుకోవడం మొదలైంది. చివరికి పెద్దమనుషులు కూర్చుని, గ్రంథాలయం హాల్లో బహిరంగ చర్చ పెడదామన్నారు. బడి తరఫున మా నాన్న. మందిరం తరఫున, మనిషి నోటి లోపలి అద్భుతం తెలిసినవాడు కాబట్టి, మా మామయ్య.

బ్యానరు రాసే పని నాకు పడింది. 'జీవం దానంతట అదే వచ్చిందా, ఎవరైనా చేశారా?' అని రాయాలి. సగం దాకా దర్జాగా రాశాక గుడ్డ అయిపోతోందని తెలిసింది. 'ఎవరైనా చేశారా' అన్నది మూలకి కుక్కాను. మందిరం వాళ్ళు వచ్చి, మా ప్రశ్నని కావాలనే చిన్నది చేశారన్నారు. బడివాళ్ళు వచ్చి, ప్రశ్నార్థకం మా వాక్యం చివర కూడా ఉండాలన్నారు. నాకు ఒళ్ళు మండి, ఇద్దరికీ బ్రష్షు చేతికిచ్చాను. ఇద్దరూ వెళ్ళిపోయారు.

మర్నాడు అత్త గ్రంథాలయానికి పరుగెత్తుకొచ్చింది. పుస్తకాల అల్మారాల వెనక్కి నన్ను లాక్కెళ్ళి, "మీ మామయ్య వేదిక మీద ఆ పళ్ళు చూపిస్తాడటే! సాక్ష్యమట! అంతమందిలో ఎవడైనా పట్టుకుంటే? మీ నాన్నే పట్టుకుంటే?" అని గుసగుసగా ఏడ్చింది. గుసగుసగా ఏడవడం అత్తకి మొదటిసారి కాబట్టి ఆ హడావిడికి ఒక పాఠకుడు లేచి చూశాడు.

నేను వెనక గదికి వెళ్ళాను. మామయ్య ఎవరిదో సెట్టుకి చివరి మెరుగు పెడుతున్నాడు.

"మామయ్యా, మాట్లాడితే మాట్లాడు. నవ్వకు" అన్నాను.

"మీ అత్త చెప్పిందా?" అని యంత్రం ఆపాడు. చేతిలోని సెట్టు బల్ల మీద పెట్టాడు. తర్వాత అన్నాడు: "ఇన్నేళ్ళ నుంచి ఈ గదిలో కూర్చున్నాను. వీధిలో ఎదురొచ్చే నోళ్ళన్నీ నావే. ఒక్కడూ నన్ను పలకరించడు. పలకరిస్తే తన గుట్టు తెలుస్తుందని భయం. మందిరంలో ఒక్కచోటే నేను లేచి నిలబడితే నలుగురు చూస్తారు. ఇప్పుడు ఊరంతా చూస్తానంటోంది. ఆ పళ్ళు లేకుండా నేనెవర్నే?"

నాకు కోపం పోయి జాలి వచ్చింది. జాలి కంటే భయం ఎక్కువ వచ్చింది. ఆ పళ్ళ సంగతి నలుగురిలో బయటపడితే మందిరంలో ఆయన తల ఎత్తుకోలేడు. ఊరంతా ఆయన్ని చూసి నవ్వుతుంది, అదీ ఆయన చేసిన పళ్ళతోనే. మా నాన్న చేతుల్లో బయటపడితే ఇక ఆదివారాలు ఉండవు. ఓడిపోవడం మామయ్యకి అలవాటే, నవ్వులపాలవడం అలవాటు లేదు.

ఇంటికి వెళ్ళి నాన్నని కదిపి చూశాను. గుట్టు చెప్పకుండా హెచ్చరించాలంటే ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

"నాన్నా, రేపు పళ్ళ జోలికి వెళ్ళకు."

"అదేం? పళ్ళు మా సిలబస్సులోనే ఉన్నాయి" అన్నాడు నాన్న, కాగితాల మీంచి తల ఎత్తకుండా. తర్వాత వంటింటికేసి తిరిగి, "ఏమేవ్, రేపటికి ఒక మంచి ఆపిల్ తెప్పించు. గట్టిగా ఉండాలి" అన్నాడు.

కట్టుడు పళ్ళతో మనిషి చాలా చేయగలడు గానీ గట్టి ఆపిల్‌ని ముందుపళ్ళతో కొరకలేడు. కొరికితే సెట్టు ఆపిల్‌లో ఉంటుంది, మనిషి ఇవతల ఉంటాడు. ఇది నాకు మామయ్యే చెప్పాడు.

మర్నాడు సాయంత్రం హాలు కిక్కిరిసింది. కుర్చీలు చాలక జనం కిటికీల్లో కూర్చున్నారు. ముందు వరసలో మందిరం పెద్దాయన, హెడ్మాస్టరు, పళ్ళ డాక్టరుగారు. అత్త నా పక్కన కూర్చుని నా చేతిని పిసికేస్తోంది. వేదిక మీద రెండు కుర్చీలు, మధ్యలో బల్ల. నాన్న సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు: కాగితాలు, కళ్ళజోడు పెట్టె, మంచినీళ్ళ సీసా, ఆపిల్. ఎర్రగా, నున్నగా, రాయిలా ఉంది. మామయ్య దాన్ని చూశాడు. చూసి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

నాన్న ముందు మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. తిమింగలం ఈతరెక్క, గబ్బిలం రెక్క, మనిషి చెయ్యి, లోపల ఎముకల వరస ఎలా ఒకటేనో చెప్పాడు. ఇరుకింట్లో బీరువా కూడా చెప్పాడు. హాలంతా నవ్వింది. చివరి దవడపన్ను పీకించుకున్నవాళ్ళు ఇంకాస్త గట్టిగా నవ్వారు. తర్వాత మామయ్య లేచాడు.

మొదట రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలోనే ఆగాడు. కానీ పన్ను గురించి మొదలుపెట్టగానే మనిషి మారిపోయాడు. ఒక్క పన్నుకి ఎన్ని పొరలో, కింది పన్ను పై పన్నుతో ఎక్కడ కలవాలో, వెంట్రుకవాసి తేడా వస్తే మనిషికి నిద్ర ఎలా దూరమవుతుందో చెప్పాడు. అరిగిపోయిన పళ్ళని చూసి ఆ మనిషి కోపిష్ఠో, భయస్థుడో చెప్పొచ్చన్నాడు. ముందు వరసలో డాక్టరుగారు, ఇన్నేళ్ళుగా తన వెనక గదిలో ఎవరున్నారో అప్పుడే తెలిసినట్టు కళ్ళప్పగించి చూస్తున్నారు. నేను కూడా భయం మరిచిపోయి విన్నాను. నిజం చెప్పొద్దూ, గర్వంగా అనిపించింది. అక్కడ ఆపేసి కూర్చుంటే ఎంత బాగుండేది.

"ఇవన్నీ దేనికి?" అని మామయ్య చేతులు చాపాడు. "ఇదిగో చూడండి. ఈ అమరిక చూడండి. ఇది చేసినవాడు లేకుండా వచ్చిందంటారా?" అని నవ్వాడు.

హాలు చప్పట్లతో మోగిపోయింది. ముసలావిడ చేతులు జోడించింది. అత్త కళ్ళు మూసుకుంది.

చప్పట్లు ఆగుతుండగా కిటికీలోంచి సైకిలు షాపు ఆయన అరిచాడు. ఆయనకి ఏ పక్షమూ లేదు, కాలక్షేపం కావాలి. "చూడ్డానికి బాగానే ఉన్నాయి! గట్టివో కాదో ఎలా తెలుస్తుంది? అదిగో, బల్ల మీద ఆపిల్ ఉంది కదా, ఒక్కసారి కొరికి చూపించమనండి!"

"అవునవును! కొరకాలి!" అని హాలంతా అందుకుంది. మందిరం పెద్దాయన కూడా ఉత్సాహంగా తల ఊపాడు. ఎవరో ఆపిల్ అందుకుని మామయ్యకేసి జరిపారు. మామయ్య దానికేసి చూస్తూ నిలబడ్డాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, మనిషి మాత్రం దాని వెనక లేడు. ఆయన చెయ్యి నెమ్మదిగా ఆపిల్ మీదికి వెళ్ళింది. నేను లేవబోయాను. లేచి ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

అంతలో నాన్న చటుక్కున ఆపిల్ లాక్కున్నాడు. లాక్కుని, అందరూ చూస్తుండగా, తన పచ్చటి వంకర పళ్ళతో కరకరమని పెద్ద ముక్క కొరికాడు.

"ఇది నాది" అన్నాడు నోటినిండా పెట్టుకుని. "మాట్లాడి మాట్లాడి గొంతు ఎండిపోతుందని మా ఆవిడ ఇచ్చింది. ఇంకొకళ్ళు కొరికితే ఊరుకోదు."

హాలు గొల్లుమంది. సైకిలు షాపు ఆయన కూడా నవ్వి వదిలేశాడు. మామయ్య మాత్రం నవ్వలేదు. నాన్నకేసి చూశాడు. నాన్న ఆపిల్ నమలడంలో మునిగిపోయినట్టు ఇంకెటో చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది మా ముగ్గురికీ. నాన్నకి తెలుసు.

హెడ్మాస్టరు లేచి, చివరగా ఏమైనా చెబుతారా అని నాన్ననడిగాడు. ఆపిల్ పోయినా మాట ఉంది కదా. మా నాన్న వాదనలో ఒక్క పాయింటు వదిలిపెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

నాన్న నోరు తుడుచుకున్నాడు. "తిమింగలం, గబ్బిలం, దవడ గురించి నేను చెప్పిందంతా నిజం. దాంట్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ మా బావగారి పళ్ళ గురించి నా దగ్గర జవాబు లేదు. అవి వాటంతటవే వచ్చినవి కావు. ఎవరో బుద్ధిమంతుడు, శ్రద్ధగా కూర్చుని చేశాడు. అంతవరకు ఒప్పుకుంటున్నాను" అని కూర్చున్నాడు.

మందిరం వాళ్ళ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కోతి మాస్టారు ఓడిపోయాడని మామయ్యని దాదాపు ఎత్తుకున్నంత పని చేశారు. బడివాళ్ళు నాన్న మీద పళ్ళు నూరారు. ఆ తోపులాటలో మామయ్య మొహం నాకు ఒక్కసారి కనిపించింది. గెలిచినవాడి మొహంలా లేదు, పట్టుబడినవాడి మొహంలా ఉంది.

ఆ ఆదివారం అత్త ఒక్కతే వచ్చింది. పై ఆదివారం అత్త కూడా రాలేదు. మామయ్య వెనక గదిలోనే ఉంటున్నాడని, ఎవరితోనూ మాట్లాడటం లేదని, సెట్టు తీసేసి గ్లాసులో పడేసి జావ తాగి బతుకుతున్నాడని కబురు పంపింది. 'ఇప్పుడు ఆ గ్లాసు నవ్వుతుంటే నాకు నవ్వు రావటం లేదే' అంది ఆ కబురులో.

ఇంట్లో నాన్న పరిస్థితి ఇంకా అన్యాయం. వాదించడానికి మనిషి లేక, అన్నంలో చెయ్యి పెట్టి అమ్మతో, "అసలు కన్ను ఎలా వచ్చిందంటే..." అని మొదలుపెట్టేవాడు. "నాకు రెండున్నాయి, పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అది చెప్పండి" అనేది అమ్మ. నాన్న నాకేసి తిరిగేవాడు. నేను పళ్ళెం తీసుకుని లేచిపోయేదాన్ని. జీవితంలో మొదటిసారి మా నాన్నకి ఎదురు చెప్పేవాడు లేకుండా పోయాడు. ఆ సుఖం ఆయన భరించలేకపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే అత్తా మామయ్యా. అత్త కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. చెప్పులు విడుస్తూనే నా చెవిలో ఊదేసింది. ఆ పొద్దున మామయ్య మందిరంలో లేచి నిలబడి, తన సెట్టు బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని, ఇవి దేవుడు పేర్చినవి కావు, నేను చేసుకున్నవి, ఇన్నేళ్ళు మిమ్మల్ని మోసం చేశాను అని చెప్పేశాడట. పెద్దాయన చెయ్యి గబుక్కున తన నోటికి వెళ్ళిందట. వెనక వరసల్లో కూడా చాలా చేతులు నోళ్ళకి వెళ్ళాయట. చివరికి ఆ ముసలావిడే, "నాకు తెలుసులే నాయనా. నావి చేసింది ఎవరనుకున్నావు? నీ చేతిపని నేను గుర్తుపట్టనా?" అందట.

"మరి ఇన్నేళ్ళూ ఆవిడ...?" అన్నాను.

"దేవుడు పేర్చాడంటే నువ్వు సంతోషపడ్డావు, కాదనడానికి నేనెవర్ని అందిటే!" అని అత్త ముక్కు చీదుకుంది.

మామయ్య లోపలికి వచ్చి, నాన్న ఎదురుగా నిలబడ్డాడు. నాన్న పేపరు మడిచాడు.

"బావగారూ" అన్నాడు మామయ్య. "మీకు ఎప్పుడు తెలిసింది?"

మీరు! నేను పెరుగు గిన్నె కోసం వంటింట్లోకి పరుగెత్తబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెళ్ళి మాటలకి మా ఇంటికి వచ్చిన రోజే" అన్నాడు నాన్న. "పాతికేళ్ళ మనిషి నోట్లో ఒక్క వంకర లేదు, ఒక్క అరుగుదల లేదు. అలాంటి నోరు పుట్టదు బావగారూ."

"తెలిసీ చెల్లెల్నిచ్చారా?"

"అమ్మ మీ పళ్ళు చూసి ఇద్దామంది. నేను పని చూసి తల ఊపాను. ఎవరు చేశారో అప్పుడు తెలియదు గానీ, చేసినవాడు మాత్రం గొప్ప పనిమంతుడనుకున్నాను. ఆ పనిమంతుడు ఎదురుగానే కూర్చున్నాడని పెళ్ళయ్యాక తెలిసింది." నాన్న పేపరు ఇంకో మడత పెట్టాడు. "నా చెల్లెలు నష్టపోలేదు."

మామయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోవడమెందుకు. తర్వాత ఆయన నెమ్మదిగా నవ్వాడు. నాకు ఏదో తేడాగా అనిపించింది. పరీక్షగా చూస్తే, కొత్త సెట్టు. అంచులు వయసుకు తగ్గట్టు అరిగి ఉన్నాయి. కోరపళ్ళు కాస్త ముదురు. పై వరసలో ఎడమవైపు ముందుపన్ను రవ్వంత పక్కకి తిరిగి ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన మొహంలో పళ్ళు కాకుండా ఆయన కనిపించాడు. మా మామయ్య ఇంత బాగుంటాడని నాకు అప్పటిదాకా తెలియదు.

నాన్న కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. దగ్గరికి వెళ్ళి, మామయ్య గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగా మారాయే" అన్నాడు.

"కాస్త కాస్త మార్పే కదా నువ్వు చెప్పేది" అన్నాడు మామయ్య.

"ఓహో! అంటే పరిణామం ఒప్పుకున్నట్టేనా?"

"ఎక్కడ ఒప్పుకున్నాను? మార్పు జరిగింది. చేసినవాడు కూడా ఉన్నాడు. నీ ఎదురుగానే ఉన్నాడు. ఇప్పుడేమంటావ్ బావా?"

"అలా అయితే చేసినవాడు కావాలనే వంకర పెట్టాడన్నమాట. మరి చివరి దవడపన్ను సంగతేమిటి? అది కూడా కావాలనే పెట్టాడా?"

"అదే నేను ఎన్నేళ్ళ నుంచో నీకు చెబుతుంటే..."

ఇద్దరూ ఒకే కుర్చీ లాక్కోబోయి, వాదిస్తూనే చెరో కుర్చీలో కూర్చున్నారు. అత్త కళ్ళు తుడుచుకుని అందరికీ మంచినీళ్ళు పెట్టింది. అమ్మ వంటింట్లోంచి కూర గిన్నె తెచ్చింది. ముక్కలు ఎప్పటిలాగే చిన్నగా ఉన్నాయి. దాని పక్కన ఒక పళ్ళెంలో ఆపిల్, తొక్క తీసి, ఇంకా చిన్న చిన్న ముక్కలుగా కోసి ఉంది. నేను అమ్మకేసి చూశాను. అమ్మ ఏమీ ఎరగనట్టు ఆ పళ్ళెం తీసుకెళ్ళి మామయ్య ముందు పెట్టి, "ముందు తినండి అన్నయ్యగారూ, తర్వాత సృష్టించుకోవచ్చు" అంది.